కత్తా, మందా, పథ్యమా?

తీవ్ర స్థూలకాయానికి చేసే చికిత్సలను పోల్చి చూడటం ఎలా?

పిల్లలూ! మన పాలమూరు, నల్లగొండ జిల్లాల గురించి పెద్దవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు మీరు ఏ మాటలు విని ఉంటారు? కరువు, వలస, ఎండిన బావులు, ఫ్లోరైడు నీళ్ళు. ఇవే కదా! ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ మట్టి మోసింది పాలమూరు కూలీలే అని కూడా విని ఉంటారు. ఇటువంటి నేలలో శరీరం బరువెక్కడం కూడా ఒక జబ్బే అంటే ఒకప్పుడు ఎవరూ నమ్మేవారు కాదు.

జొన్న గట్క, జొన్న రొట్టె, తైదల అంబలి తిని, పొద్దంతా చెల్కల్లో పనిచేసే మనుషుల్లో డాక్టర్లు చూసిన జబ్బులు వేరు. 1960 ప్రాంతంలో హైదరాబాదులోని పోషకాహార శాస్త్రజ్ఞులు దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారంగా గల పేద కుటుంబాలలో పెల్లాగ్రా అనే వ్యాధిని పరిశీలించారు. అది ఆహారలోపం వల్ల వచ్చే వ్యాధి. ఆ తర్వాత కాలం మారింది. నాగార్జునసాగర్ కాలువ కింద వరి పొలాలు పెరిగాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. జొన్న రొట్టె స్థానంలోకి తెల్లటి అన్నం వచ్చింది. నాగలి స్థానంలోకి ట్రాక్టరు, నడక స్థానంలోకి మోటారు సైకిలు వచ్చాయి. నూనె, చక్కెర చౌక అయ్యాయి.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ వయసు గలవారిలో ప్రతి 10 మందిలో సుమారు ముగ్గురు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువు ఉన్నారు. విచిత్రం చూడండి! అదే సర్వేలో స్త్రీలలో దాదాపు అయిదుగురిలో ఒకరు ఉండవలసిన దానికన్నా తక్కువ బరువు ఉన్నారు. అంటే ఒకే వాడలో ఒక ఇంట్లో బక్కచిక్కిన మనిషి, పక్క ఇంట్లో స్థూలకాయం గల మనిషి ఉన్నారన్నమాట.

బరువు ఎక్కువగా ఉన్నవారందరికీ ఆపరేషన్ అవసరం లేదు. కాని స్థూలకాయం తీవ్రమైనప్పుడు మధుమేహం, అధిక రక్తపోటు, మోకాళ్ళ అరుగుదల, నిద్రలో ఊపిరి ఆగిపోవడం వంటి ఇబ్బందులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆయుష్షు తగ్గుతుంది. అటువంటి వారికి పథ్యం మంచిదా, మందు మంచిదా, కత్తి మంచిదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తీవ్రత కొలిచేది ఎలా?

ముందుగా ఒక కొలత కావాలి. బెల్జియం దేశపు గణిత శాస్త్రజ్ఞుడు క్వెట్లె 1830ల్లో ఒక తేలికైన లెక్క చెప్పాడు. మనిషి బరువును కిలోగ్రాములలో తీసుకోండి. ఎత్తును మీటర్లలో తీసుకుని దానిని దానితోనే గుణించండి. మొదటి సంఖ్యను రెండవ సంఖ్యతో భాగించండి. దీనికి 'బాడీ మాస్ ఇండెక్స్' అనే పేరు పెట్టింది మాత్రం అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, 1972లో. మనం దీన్ని బి.ఎం.ఐ. అందాం.

ఒక ఉదాహరణ. ఒకరి ఎత్తు 1.60 మీటర్లు. 1.60 ను 1.60 తో గుణిస్తే 2.56. ఆ మనిషి బరువు 102.4 కిలోలైతే బి.ఎం.ఐ. 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 దాటితే స్థూలకాయం అంటుంది. 35, 40 దాటితే తీవ్రమైన స్థాయిలు. మన దేశస్థుల శరీరంలో అదే బి.ఎం.ఐ. వద్ద ఐరోపా వారికన్నా కొవ్వు ఎక్కువగా ఉంటుంది. అందువల్ల మనవాళ్ళకు 23 దాటితేనే జాగ్రత్త పడాలనీ, 25 దాటితే స్థూలకాయంగా లెక్కించాలనీ మన వైద్యులు నిర్ణయించుకున్నారు.

ఒక హెచ్చరిక! ఈ హద్దులు పెద్దవాళ్ళకు మాత్రమే. మీరు ఇంకా ఎదుగుతున్నారు. మీ వయసు వారికి వేరే పట్టికలు ఉన్నాయి. కనుక మీ లెక్క మీరు కట్టుకుని కంగారు పడకండి.

బద్ధకమా, జబ్బా?

"నోరు కట్టుకుంటే చాలు, ఒళ్ళు అదే తగ్గుతుంది" అని చాలామంది అంటారు. ఈ మాట ఎంతవరకు నిజం?

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ సంస్థ మొదట కూనూరులో ఉండేది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. అక్కడ ప్రయోగాల కోసం 1920 నుండి ఒకే వంశానికి చెందిన తెల్ల ఎలుకలను పెంచుతున్నారు. 1996లో ఆ ఎలుకలలో విపరీతంగా లావెక్కే ఎలుకలు కనిపించాయి. మిగతా ఎలుకలు తినే మేతే ఇవీ తింటాయి. అదే గది, అదే గాలి, ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లలు. అయినా కొన్ని సన్నగా ఉంటే కొన్ని పుట్టిన అయిదారు వారాలకే బొద్దుగా తయారయ్యేవి. కారణం వాటి జన్యువులలో దానంతట అదే వచ్చిన ఒక మార్పు. ఈ మార్పు వల్ల వాటికి ఆకలి తీరదు. ఆ ఎలుకలు త్వరగా ముసలివై తక్కువ కాలం బతుకుతాయి.

ఎలుకకు బద్ధకం అంటగడతామా? తిండిపోతు అని తిడతామా? మనుషులలో స్థూలకాయానికి ఒక్క జన్యువు కారణం కావడం అరుదే. ఎన్నో జన్యువులు, వాటికి తోడు తిండి, పని, నిద్ర, కొన్ని మందులు, డబ్బు, పరిసరాలు అన్నీ కలిసి పనిచేస్తాయి. ఒకే ఇంట్లో ఒకే కుండలో అన్నం తినే అన్నదమ్ములలో ఒకరు సన్నగా, ఒకరు లావుగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

చెరువు, నీరటికాడు

నల్లగొండ పక్కన పానగల్లు చెరువును, ఉదయసముద్రాన్ని, చూసే ఉంటారు. చూడనివారు మీ ఊరి చెరువును తలుచుకోండి. వాగు నుండి నీళ్ళు వస్తాయి. తూము గుండా పోతాయి. రాక ఎక్కువ, పోక తక్కువ అయితే చెరువు నిండుతుంది. శరీరంలో కొవ్వు కూడా అంతే. తినే ఆహారంలోని శక్తి రాక. కదలడానికి, ఒంట్లో వేడి నిలపడానికి, గుండె కొట్టుకోవడానికి అయ్యే శక్తి పోక. మిగిలినది కొవ్వుగా నిలువ ఉంటుంది.

అయితే మన ఊరి చెరువుకు తూము తెరిచి మూసే నీరటికాడు ఉంటాడు కదా! శరీరానికి కూడా ఉన్నాడు. మెదడు అడుగు భాగంలో ఉండే హైపోథలామసే ఆ నీరటికాడు. కొవ్వు కణాల నుండి లెప్టిన్ అనే హార్మోను వెళ్ళి చెరువులో నీళ్ళు ఎంత ఉన్నాయో ఆయనకు చెబుతుంది. దీన్ని 1994లో కనుగొన్నారు. ఖాళీ జీర్ణాశయం నుండి గ్రెలిన్ అనే హార్మోను వెళ్ళి 'ఆకలి!' అని కేక వేస్తుంది. దీన్ని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. తిన్న తర్వాత పేగుల నుండి జి.ఎల్.పి.-1 వంటి హార్మోన్లు వెళ్ళి 'ఇక చాలు' అంటాయి.

మన నీరటికాడు కరువు కాలాలలో ఆరితేరిన మనిషి. చెరువు నిండితే పెద్దగా పట్టించుకోడు. నీటి మట్టం తగ్గిందా, వెంటనే తూము బిగిస్తాడు. 1944-45లో ఆన్సెల్ కీస్ అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి ఇష్టంతోనే, 24 వారాల పాటు చాలా తక్కువ ఆహారం ఇచ్చి చూశాడు. వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. కాని నాడి నెమ్మదించింది. ఎప్పుడూ చలి వేసేది. పగలూ రాత్రీ తిండి ధ్యాసే! శరీరం ఖర్చు తగ్గించుకుంది, ఆకలి పెంచుకుంది.

వారు స్థూలకాయులు కారు. కాని స్థూలకాయుల శరీరం కూడా బరువు తగ్గినప్పుడు ఇదే పని చేస్తుంది. 100 కిలోల మనిషి 85 కిలోలకు వస్తే, 'హమ్మయ్య!' అనుకోవలసిన శరీరం 'కరువొచ్చింది!' అనుకుంటుంది. అందుకే పథ్యం మొదలుపెట్టడం కన్నా తగ్గిన బరువును నిలుపుకోవడం కష్టం. ఏ చికిత్సను గురించి విన్నా 'ఇది నీరటికాడిని ఏం చేస్తుంది?' అని అడిగితే సగం విషయం అర్థమవుతుంది.

మొదటి దారి: పథ్యం, వ్యాయామం

ఈ దారిలో రాక తగ్గిస్తాం, పోక పెంచుతాం. నీరటికాడు మాత్రం మారడు. అయినా దీనివల్ల లాభం ఉంది. అమెరికాలో మధుమేహం, అధిక బరువు ఉన్న 5,145 మందితో ఒక పెద్ద పరిశీలన జరిగింది. సగం మందికి ఆహారం, వ్యాయామం విషయంలో సలహాదారులు ఏళ్ళ తరబడి గట్టిగా తోడు నిలిచారు. మొదటి ఏడాదికి వారి బరువు నూటికి 8.6 పాళ్ళు తగ్గింది. తొమ్మిదేళ్ళు దాటాక చూస్తే నూటికి 6 పాళ్ళ తగ్గుదల నిలిచింది. 2013లో ప్రకటించిన ఫలితాలలో గుండెపోట్లు తగ్గినట్లు కనబడలేదు. కాని మధుమేహం అదుపు, నడకలో సులువు, నిద్ర మెరుగుపడ్డాయి.

అంటే 100 కిలోల మనిషికి ఏళ్ళ తరబడి పట్టుదలగా చేస్తే ఆరు కిలోలు. కొద్దిగా బరువెక్కిన వారికి ఇది చాలు. 130 కిలోలుండి, మెట్లెక్కలేని వారికి చాలదు. ఇందులో కోత లేదు, ఖర్చు తక్కువ, హాని తక్కువ. మిగతా దారులలో వెళ్ళేవారు కూడా దీన్ని వదలకూడదు.

రెండవ దారి: మందు

ఈ దారి నీరటికాడితోనే మాట్లాడుతుంది. పేగుల నుండి వచ్చే జి.ఎల్.పి.-1 'చాలు' అని చెబుతుందని చదివాం కదా! చిక్కేమిటంటే అది రక్తంలో ఒకటి రెండు నిమిషాలలోనే విరిగిపోతుంది. 1992లో న్యూయార్కు వైద్యుడు జాన్ ఎంగ్ అమెరికా ఎడారులలో ఉండే గిలా అనే విషపు బల్లి విషంలో దానిని పోలిన పదార్థం కనుగొన్నాడు. అది త్వరగా విరగదు. దాని నుండి తయారైన మందుకు 2005లో అమెరికాలో మధుమేహ చికిత్సకు అనుమతి వచ్చింది. అదే బాటలో, మన హార్మోనునే కొద్దిగా మార్చి, వారం రోజులు నిలిచేలా సెమాగ్లూటైడ్ అనే మందు చేశారు.

2021లో ప్రకటించిన ఒక పరీక్షలో 1,961 మంది పాల్గొన్నారు. కొందరికి వారానికి ఒకసారి ఆ మందు సూది ఇచ్చారు. మిగిలినవారికి మందు లేని ఉత్త సూది ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో పాల్గొన్నవారికి తెలియదు. పథ్యం సలహాలు ఇద్దరికీ ఒకటే. 68 వారాల తర్వాత మందు పొందినవారి బరువు నూటికి సుమారు 15 పాళ్ళు, ఉత్త సూది పొందినవారి బరువు సుమారు 2 పాళ్ళు తగ్గింది. 2022లో టిర్జెపటైడ్ అనే మరో మందు పెద్ద మోతాదులో 72 వారాలకు నూటికి 20 పాళ్ళ దాకా తగ్గించింది. ఈ రెండు మందులూ బరువు తగ్గించడం కోసం 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి.

ఇక రెండవ వైపు చూద్దాం. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం చాలామందికి వస్తాయి. కొందరికి పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. కొవ్వుతోపాటు కండ కూడా కొంత కరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, సెమాగ్లూటైడ్ ఆపినవారిని ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. నీరటికాడికి చెప్పేవారు లేకపోతే ఆయన పాత పద్ధతికే పోతాడు. రక్తపోటు మందులాగా ఇది చాలా కాలం వాడవలసిన మందు.

మూడవ దారి: కత్తి

ఇది కొత్తది కాదు. 1954లో అమెరికాలో చిన్నపేగులో చాలా భాగాన్ని తప్పించి కలిపే ఆపరేషన్‌ను గురించి ప్రకటించారు. బరువు బాగా తగ్గింది. కాని కొందరికి కాలేయం పాడైంది, మూత్రపిండాలలో రాళ్ళు వచ్చాయి. చివరకు ఆ పద్ధతి వదిలేశారు. బరువు తగ్గినంత మాత్రాన చికిత్స మంచిది కాదని వైద్యులు అప్పుడే నేర్చుకున్నారు.

అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు ఒక సంగతి గమనించాడు. పుండు కారణంగా జీర్ణాశయంలో కొంత భాగం తీసివేసిన రోగులు సన్నబడుతున్నారు. ఈ పరిశీలనతో ఆయన 1966లో కొత్త ఆపరేషన్ మొదలుపెట్టాడు. దానినే 'గ్యాస్ట్రిక్ బైపాస్' అంటారు. హైవే మీద ఊళ్ళోకి పోకుండా బైపాస్ రోడ్డు వేసినట్లే ఇది. ఇప్పుడు చేసే పద్ధతిలో జీర్ణాశయం పై భాగాన రెండు మూడు చెంచాలు పట్టే చిన్న సంచి చేస్తారు. దానిని నేరుగా చిన్నపేగు మధ్యకు కలుపుతారు. ఆహారం మిగతా జీర్ణాశయాన్ని, ఆంత్రమూలాన్ని తాకకుండా పోతుంది.

ఇప్పుడు ఎక్కువగా చేసేది 'స్లీవ్' ఆపరేషన్. స్లీవ్ అంటే చొక్కా చేయి. జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు కోసి తీసేసి, చొక్కా చేయి వంటి సన్నని గొట్టం మిగులుస్తారు. ఇప్పుడు పొట్టను పెద్దగా కోయరు. చిన్న చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేస్తారు.

"సంచి చిన్నదైంది, తిండి తగ్గింది, అంతే కదా!" అనుకుంటున్నారా? మొదట శస్త్రవైద్యులు కూడా అలాగే అనుకున్నారు. తర్వాత తెలిసిన విషయం ఆశ్చర్యకరమైనది. స్లీవ్‌లో కోసివేసే భాగమే గ్రెలిన్‌ను ఎక్కువగా తయారుచేసే భాగం. బైపాస్‌లో ఆహారం త్వరగా కింది పేగులను చేరి 'చాలు' అని చెప్పే హార్మోన్లను పెంచుతుంది. అందుకే కొందరు మధుమేహ రోగులకు బరువు తగ్గకముందే, కొద్ది రోజులలోనే చక్కెర అదుపులోకి వస్తుంది. కత్తి మార్చింది సంచిని మాత్రమే కాదు, నీరటికాడికి అందే కబురును కూడా!

దీనికీ మూల్యం ఉంది. 2009లో అమెరికాలో 4,776 మంది లెక్క తీస్తే, మొదటి 30 రోజులలో వెయ్యికి ముగ్గురు చనిపోయారు. కుట్టు దగ్గర కారడం, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు ఉంటాయి. ఆ తర్వాత జీవితాంతం విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి వేసుకోవాలి. రక్తపరీక్షలు చేయించుకోవాలి. బైపాస్ తర్వాత సారా, కల్లు వంటివి రక్తంలోకి త్వరగా ఎక్కుతాయి. కొందరు వాటికి బానిసలయ్యే ప్రమాదం పెరుగుతుంది. కోసి తీసిన జీర్ణాశయం మళ్ళీ రాదు.

సరైన పోలిక అంటే ఏమిటి?

మీ నాన్న ఒక కొత్త రకం పత్తి విత్తనం నల్లరేగడిలోనూ, పాత రకం చెల్కలోనూ వేసి, నల్లరేగడిలో ఎక్కువ పండిందని కొత్త విత్తనాన్ని మెచ్చుకుంటే మీరు ఏమంటారు? "బాపూ, గొప్పదనం విత్తనానిదా, నేలదా?" అంటారు కదా! చికిత్సల పోలిక కూడా ఇంతే. ఆపరేషన్‌కు ముందుకు వచ్చినవారు ధైర్యవంతులు, డబ్బున్నవారు, తక్కువ జబ్బులున్నవారు అయితే, ఫలితం కత్తిదా, మనిషిదా?

స్వీడన్‌లో 1987లో మొదలైన పరిశీలనలో 2,010 మందికి ఆపరేషన్ చేశారు. వయసు, బరువు, జబ్బుల్లో వారిని పోలిన 2,037 మందికి మామూలు చికిత్స ఇచ్చారు. పదేళ్ళ తర్వాత బైపాస్ చేయించుకున్నవారి బరువు నూటికి సుమారు 25 పాళ్ళు తగ్గి ఉంది. మామూలు చికిత్స వారిలో దాదాపు మార్పు లేదు. 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆపరేషన్ అయినవారు సుమారు మూడేళ్ళు ఎక్కువ బతికారు. అయినా సాధారణ ప్రజలకన్నా వారి ఆయుష్షు అయిదేళ్ళకు పైగా తక్కువే. ఇది గొప్ప పరిశీలన. కాని ఇందులో ఎవరికి ఏ చికిత్స అన్నది చీట్లు వేసి నిర్ణయించలేదు. నల్లరేగడి అనుమానం కొంత మిగులుతుంది.

చీట్లు వేసి పంచిన పరీక్ష క్లీవ్‌లాండ్‌లో జరిగింది. మధుమేహం, స్థూలకాయం ఉన్న 150 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మందులు మాత్రమే, రెండవ జట్టుకు మందులతోపాటు బైపాస్, మూడవ జట్టుకు మందులతోపాటు స్లీవ్. చక్కెర అదుపుకు గట్టి హద్దు పెట్టుకున్నారు. అయిదేళ్ళ తర్వాత 2017లో చూస్తే, ఆ హద్దును చేరుకున్నవారు మందుల జట్టులో నూటికి 5, బైపాస్ జట్టులో నూటికి 29, స్లీవ్ జట్టులో నూటికి 23. కత్తి గెలిచింది. కాని ఇంకోవైపు నుండి చూడండి. బైపాస్ చేయించుకున్న నూరుగురిలో 71 మంది ఆ హద్దును చేరలేదు.

ఇంకొక మెలిక. ఈ రెండు పరిశీలనలూ మొదలైననాటికి టిర్జెపటైడ్ వంటి మందులు లేవు. కాబట్టి "పాత మందుల మీద కత్తి గెలిచింది" అనడం న్యాయం. కొత్త మందుల ఫలితం ఏడాదిన్నరది, ఆపరేషన్ ఫలితం పదేళ్ళది. ఒక పంటకు వచ్చిన దిగుబడినీ, పది పంటల సరాసరినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పవచ్చా?

ఇప్పటికి తేలినది ఇది. తీవ్ర స్థూలకాయంలో బరువు ఎక్కువగా తగ్గించి, ఎక్కువ కాలం నిలిపినట్లు రుజువైనది శస్త్రచికిత్స. కొత్త మందులు దాని దగ్గరకు వస్తున్నాయి. పథ్యం, వ్యాయామం వాటంతట అవి తక్కువే తగ్గిస్తాయి కాని అన్నిటికీ పునాది అవే. ఎవరికి ఆపరేషన్ అన్నదానికి 1991లో అమెరికాలో బి.ఎం.ఐ. 40, లేదా జబ్బులు ఉంటే 35 అని హద్దు పెట్టారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్యులు జబ్బులున్నా లేకున్నా 35 చాలన్నారు. ఆసియా వారికి హద్దు ఇంకా తక్కువ ఉండాలన్నారు.

మన ఊళ్ళలో ఈ పోలిక

స్వీడన్ లెక్క మన ఊరికి వచ్చేసరికి కొన్ని కొత్త అంకెలు కలపాలి. తెలంగాణ స్త్రీలలో సగం కన్నా ఎక్కువ మందికి రక్తహీనత ఉందని 2019-21 సర్వే చెప్పింది. బైపాస్ తర్వాత ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. మరి దేవరకొండ పక్క పల్లెలో ఉండే ఒక రైతు కూలీ తల్లి ఆపరేషన్ చేయించుకుంటే, ప్రతి ఏడాది రక్తపరీక్ష ఎక్కడ చేయించాలి? మాత్రలు ఎవరు తెచ్చివ్వాలి? నాట్ల కాలంలో హైదరాబాదుకు ఎవరు తీసుకుపోవాలి? ఇవి కూడా చికిత్సలో భాగమే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఆపరేషన్ ఎక్కడ జరిగినా, తర్వాతి ఏళ్ళలో చూసే డాక్టరు దగ్గరలో ఉండటం ముఖ్యం.

సూదిమందుకూ ఇవే ప్రశ్నలు. నెలనెలా డబ్బు, ఎండాకాలంలో మందును చల్లగా ఉంచడం, మధ్యలో ఆపకపోవడం. బస్టాండు గోడల మీద "నెల రోజులలో 20 కిలోలు గ్యారంటీ" అనే కాగితాలు కనిపిస్తే నమ్మకండి. చీట్లు వేసి పరీక్షించారా? ఎన్నేళ్ళు చూశారు? ఎంతమందికి హాని జరిగింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని చికిత్స చికిత్స కాదు.

మీ ఇంట్లో పెద్దమ్మకో, మేనమామకో ఈ బాధ ఉంటే, డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు మీరే ఒక కాగితం మీద ప్రశ్నలు రాసివ్వండి. ఏ ఆపరేషన్? మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మందుతో ముందు ప్రయత్నించవచ్చా? తర్వాత జీవితాంతం ఏమేం వాడాలి? మొత్తం ఖర్చు ఎంత? అడగడం తప్పు కాదు.

ఇంకొక మాట. తరగతిలో లావుగా ఉన్న పిల్లవాడిని పేరు పెట్టి ఏడిపించేవారు ఉంటారు. మన తార్నాక ఎలుకలను గుర్తు తెచ్చుకోండి. ఎగతాళితో ఏ నీరటికాడూ తూము తెరవలేదు. ఆపరేషన్ చేయించుకున్నవారిని "కష్టపడలేక అడ్డదారి తొక్కారు" అనడం కూడా అంతే అన్యాయం.

లెక్క కట్టి చూడండి

ఒక స్త్రీ ఎత్తు 1.50 మీటర్లు, బరువు 90 కిలోలు. ఆమె బి.ఎం.ఐ. ఎంత? బరువు నూటికి 6 పాళ్ళు, 15 పాళ్ళు, 25 పాళ్ళు తగ్గితే ఒక్కొక్కసారి బరువు ఎంత, బి.ఎం.ఐ. ఎంత?

మొదటి జవాబు 40. చివరిది 67.5 కిలోలు, బి.ఎం.ఐ. 30. మధ్యవి మీరే కట్టండి. బాగా పనిచేసిన ఆపరేషన్ తర్వాత కూడా ఆమె సన్నని మనిషి కాలేదు, చూశారా! పట్టికలో చూస్తే ఇంకా స్థూలకాయమే. కాని ఆమె మెట్లు ఎక్కగలదు, నేల మీద కూర్చుని లేవగలదు, చక్కెర మందు తగ్గించుకోగలదు. చికిత్స గెలిచిందో లేదో కొలవడానికి కాటా ఒక్కటే సరిపోతుందా? ఈ ప్రశ్నను మీ తరగతిలో చర్చించండి.